గాలి ఎవరిది? గాలిమర కింది నేల ఎవరిది?

(అమీర్‌పేటలో జరిగిన రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అనంతపురం, కర్నూలు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు, వికారాబాద్, జహీరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చినవాళ్లు ఈ హాలులో ఉన్నారు. ఆషాఢం నడుస్తోంది. మన ఊళ్లలో ఇప్పుడు భుజం మీద తువ్వాలు నిలవదు. ఇక్కడ అమీర్‌పేటలో మాత్రం కిటికీలన్నీ తీసినా గాలి ఆడటం లేదు. ఎటు చూసినా ఐదారంతస్తుల భవనాలు, మెట్రో స్తంభాలు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. అందుకే తలమీద ఫ్యాన్లు తిప్పుకుంటున్నాం. ఆ ఫ్యాన్లను తిప్పే కరెంటులో కొంత గాలి నుంచి పుట్టిందే. అంటే ఊళ్లో వీచిన గాలి కరెంటుగా మారి, తీగల మీద ఇంత దూరం వచ్చి, ఇక్కడ మళ్లీ గాలి అవుతోంది. ఈ దారిలో ఎవరికి ఎంత ముట్టింది, ఆ గాలి వీచిన నేల గల రైతుకు ఏం ముట్టింది అన్నదే ఈరోజు మనం మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఇక్కడి నుంచి పంజాగుట్ట చౌరస్తా దాటి ఖైరతాబాద్ వైపు వెళ్తే విద్యుత్ సౌధ వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో కరెంటుకు సంబంధించిన పెద్ద నిర్ణయాలన్నీ ఆ భవనం చుట్టూనే తిరిగాయి. కరెంటు ఛార్జీల పెంపు మీద ఈ నగరానికి వచ్చిన జనంపై 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు అమరులు కావడం మనం మరిచిపోలేదు. కరెంటు ధర గురించి కొట్లాడటం మనకు తెలుసు. కరెంటు ఎక్కడ, ఎవరి నేల మీద పుడుతోంది అన్న విషయం మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు. దాన్ని మొదటి నుంచీ చూద్దాం.

కళ్లంలో గాలి

గాలిని పనికి పెట్టడం మనకు ఎవరో నేర్పింది కాదు. ట్రాక్టర్లు, నూర్పిడి మిషన్లు రాకముందు ప్రతి రైతూ గాలితో పని చేయించుకున్నవాడే. కళ్లంలో పంట నూర్చాక గాలివాటు చూసుకుని, ఎత్తుపీట మీద నిలబడి, చేటతో ఎత్తిపోసేవాళ్లం. గట్టి గింజ కాళ్ల దగ్గరే కుప్పగా పడేది. తాలు కాస్త ఎడంగా, పొట్టు ఇంకా దూరంగా పోయేది. తూర్పారబట్టడం అంటే అదే. గాలి లేకపోతే కళ్లంలోనే కూర్చుని రాత్రి దాకా ఎదురుచూసేవాళ్లం. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి అన్న సామెత అట్లా వచ్చిందే.

ఆ కళ్లంలో మరో పని కూడా జరిగేది. గింజ శుభ్రం కాగానే అక్కడే వాటాలు తేలేవి. కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి మేర కొలిచేవాళ్లు. కౌలు గింజలు, అప్పు గింజలు, శిస్తు గింజలు అక్కడే వేరయ్యేవి. ఎవరి వాటా న్యాయం, ఎవరిది అన్యాయం అన్నది వేరే చర్చ. గాలి మాత్రం ఎవరి దగ్గరా వాటా అడగలేదు. గాలి ఉచితమే అయినా, గాలి చేసిన పనికి వచ్చిన ఫలం ఎప్పుడూ పంచుకోవాల్సిందే అయింది. గాలి చరిత్ర అంతటా ఈ పంపకం తగాదా కనిపిస్తుంది.

తెరచాప, మోటుపల్లి

గాలి చేయించిన రెండో పెద్ద పని ప్రయాణం. మన తీరంలో తెరచాప ఎత్తి సముద్రం దాటడం రెండు వేల ఏళ్ల నాటి మాట. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. ఓడ బొమ్మను నాణెం మీద వేయించాడంటే ఆ గాలి వ్యాపారం ఖజానాకు ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు.

కాకతీయుల కాలానికి మన తీరంలోని మోటుపల్లి పెద్ద రేవు. తుపాను గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడలో సరుకంతా అప్పటి రాజులు తమదేనని పట్టుకుపోయేవారు. నష్టపోయినవాడినే మళ్లీ దోచుకోవడం అన్నమాట. గణపతిదేవ చక్రవర్తి దానికి అడ్డుకట్ట వేస్తూ మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. అది 1244-45 నాటిది. ఓడ వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమన్నది దాని సారం. ఇందులో రైతుకూ పాఠం ఉంది. గాలి వల్ల వచ్చే లాభమైనా నష్టమైనా బలవంతుడి ఇష్టానికి వదిలేస్తే దోపిడీ అవుతుంది. షరతులు ముందే రాసి, అందరికీ కనిపించేలా రాతి మీద చెక్కితే వర్తకుడికి భరోసా దొరుకుతుంది.

మర వచ్చింది, మరతో తగాదా వచ్చింది

గాలితో మర తిప్పడం ఇరాన్‌కు తూర్పున ఉన్న సీస్తాన్ ప్రాంతంలో వెయ్యేళ్లకు ముందే మొదలైంది. అక్కడ ఎండాకాలంలో నూట ఇరవై రోజుల గాలి అని ఒకటి వీస్తుంది. మే చివర మొదలై సెప్టెంబరు దాకా ఆగదు. మన రాయలసీమలో గాలి బలంగా ఉండే నెలలు కూడా దాదాపు అవే. అక్కడివాళ్లు మట్టి, గడ్డి, కర్రలతో నిలువు ఇరుసు మరలు కట్టి గోధుమలు విసురుకున్నారు. నష్తీఫాన్ అనే ఊళ్లో అలాంటి పాత మరలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

యూరప్‌లో పన్నెండో శతాబ్దం నుంచి గాలిమరలు కనిపిస్తాయి. అక్కడ జరిగిన ఒక తగాదా మనం గుర్తుపెట్టుకోవాలి. 1191లో ఇంగ్లండులోని బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో హెర్బర్ట్ అనే మతాధికారి తన నేలలో ఒక గాలిమర కట్టుకున్నాడు. అక్కడి మఠానికి పెద్ద శాంసన్. ఊరివాళ్లంతా మఠం మరలోనే గింజలు విసురుకోవాలి, దానికి రుసుము కట్టాలి. కొత్త మర వస్తే ఆ రాబడి పడిపోతుంది. గాలి అందరికీ ఉచితమే కదా, నా గింజలు నేను విసురుకుంటే తప్పేమిటని హెర్బర్ట్ వాదించాడు. శాంసన్ మండిపడి మరను పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. చివరికి మఠం మనుషులు రాకముందే హెర్బర్ట్ తన మరను తానే విప్పించుకోవాల్సి వచ్చింది. గాలి ఎవరిది అన్న ప్రశ్నకు ఆరోజు దొరికిన జవాబు ఒక్కటే. గాలి అందరిదీ కావచ్చు గానీ, మర పెట్టుకునే హక్కు అధికారం ఉన్నవాడిదే.

హాలండ్‌లోనూ మర పెట్టాలంటే ప్రభువుకు గాలి రుసుము కట్టాల్సి వచ్చేది. అయితే ఆ దేశం గాలితో సాధించింది తక్కువేమీ కాదు. సముద్ర మట్టానికి దిగువన ఉన్న నేలల్లోంచి గాలిమరలతో నీళ్లు తోడి సాగులోకి తెచ్చుకున్నారు. కిండర్‌డైక్‌లో, ఎక్కువ భాగం 1740 ప్రాంతంలో కట్టిన, పంతొమ్మిది మరలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు కనుక, నీటి నిర్వహణకు రైతులు, భూస్వాములు కలిసి సంఘాలు పెట్టుకుని, ఖర్చు భూమి లెక్కన పంచుకున్నారు.

నీళ్లు తోడిన గాలి

1854లో అమెరికాలో డేనియల్ హాలడే అనే ఆయన గాలి ఎటు తిరిగితే అటు తానే తిరిగే నీటి మరను తయారుచేశాడు. అక్కడి మెట్ట ప్రాంతాల్లో అలాంటి మరలు లక్షల సంఖ్యలో లేచాయి. పశువులకూ రైలింజన్లకూ అవే నీళ్లు పట్టాయి.

మన దేశంలో 1960లలో బెంగళూరులోని జాతీయ వైమానిక పరిశోధనశాల నీళ్లు తోడే గాలిమరను రూపొందించింది. 1980లలో ప్రభుత్వ సబ్సిడీతో పన్నెండు రెక్కల నీటి మరలు పల్లెల్లో పెట్టారు. మనలో పెద్దవాళ్లు కొందరు వాటిని చూసే ఉంటారు. బడుల దగ్గర, బావుల దగ్గర కొన్నాళ్లు తిరిగి, ఒక పిన్నో వాషరో అరిగాక ఆగిపోయినవి ఎక్కువ. బాగుచేసేవాడు దగ్గర్లో లేడు. అంతకన్నా పెద్ద కారణం నీళ్లు లోతుకు పోవడం. బావిలో ముప్పై నలభై అడుగుల్లో ఉన్న నీటిని ఆ మర తోడగలదు. వందల అడుగుల బోరు దాని వల్ల కాదు. మోటారు వచ్చింది, కరెంటు వచ్చింది, నీటి మర పాత ఇనుములోకి పోయింది.

ఇక్కడ డెన్మార్క్ సంగతి చెప్పాలి. గాలితో కరెంటు తీయడం 1887లో స్కాట్లండ్‌లో జేమ్స్ బ్లైత్, 1888లో అమెరికాలో చార్లెస్ బ్రష్ చేసి చూపించారు. డెన్మార్క్‌లో పౌల్ లా కూర్ అనే బడిపంతులు 1891లో అస్కోవ్ అనే పల్లెలో తన బడి దగ్గరే ఆ పని మొదలుపెట్టాడు. అంతటితో ఆగలేదు. పల్లె కుర్రాళ్లను పిలిచి కరెంటు పని నేర్పించాడు. ఈ అమీర్‌పేటలో మన పిల్లలు హాస్టల్లో ఉండి మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేస్తున్నారు చూడండి, దాదాపు అలాగే. తేడా ఏమిటంటే, ఆ కుర్రాళ్లు నేర్చుకుని తమ పల్లెలకే తిరిగి వెళ్లి అక్కడ చిన్న కరెంటు కేంద్రాలు పెట్టారు. మన దగ్గర నీటి మర ఎందుకు ఆగిపోయింది, అక్కడ గాలి కరెంటు ఎందుకు నిలబడింది అంటే, యంత్రంతోపాటు దాన్ని నడిపే మనిషిని కూడా ఊళ్లోనే తయారుచేయడం ఒక ముఖ్య కారణం.

గాలి కరెంటు మన గుట్టల మీదికి

మన దేశంలో గాలి కరెంటు కేంద్రాలు 1986లో తమిళనాడు, గుజరాత్, మహారాష్ట్ర తీరాల్లో మొదలయ్యాయి. మన దగ్గర 1990లలో అనంతపురం జిల్లా రామగిరి గుట్టల మీద వరుసగా మరలు లేచాయి. అప్పటికి అక్కడ బంగారు గని కూడా ఉంది. 2001లో ఆ గని మూతపడింది, ఫ్యాన్లు మిగిలాయి. అవును, మన ఊళ్లలో వాటిని ఫ్యాన్లనే అంటాం. కొత్తలో పిల్లలు అడిగేవాళ్లు, ఇంత పెద్ద ఫ్యాను పెట్టినా గాలి రాదేమని. ఆ ప్రశ్న పిల్లలది కాబట్టి నవ్వుకున్నాం. దాన్ని పెద్దలం వేరే విధంగా అడగాల్సింది. ఇంత పెద్ద ఫ్యాను మన గుట్ట మీద తిరుగుతున్నా మనకు ఏం వస్తోంది?

ధర సంగతి చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి గాలి కరెంటుకు యూనిట్ ధర 2004లో 3.37 రూపాయలు, 2009లో 3.50, 2012లో 4.70 చేసింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అది 4.84 దాకా పోయింది. ఇరవై ఐదేళ్ల ఒప్పందాలు అయ్యాయి. 2015 విధానం తర్వాత అనంతపురం, కర్నూలు జిల్లాల్లో మరలు గుంపులుగా వచ్చాయి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు వేల మెగావాట్లకు పైగా ఉన్నాయి. దేశం మొత్తం మీద 2025 మార్చి నాటికి 50 వేల మెగావాట్లు దాటాయి.

ఈలోగా వేలం పద్ధతి వచ్చి ధర పడిపోయింది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర సంస్థ పెట్టిన వేలంలో 3.46, అదే ఏడాది డిసెంబరులో గుజరాత్‌లో 2.43 పలికింది. పాత ధర భారమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 జూలై 1న ఒప్పందాల సమీక్షకు కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. కేసు తేలేదాకా 2.43 లెక్కన ఇమ్మని 2019 సెప్టెంబరులో కోర్టు చెప్పింది. 2022 మార్చి 15న డివిజన్ బెంచి ఆ తాత్కాలిక ధరను పక్కనపెట్టి, ఒప్పందం ప్రకారమే బకాయిలు కట్టాలని తీర్పు ఇచ్చింది.

ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్నది పక్కన పెడదాం. మూడేళ్లు సాగిన ఆ తగాదాలో ప్రభుత్వం ఉంది, డిస్కంలు ఉన్నాయి, కంపెనీలు, బ్యాంకులు ఉన్నాయి. యూనిట్‌కు 4.84 అయినా 2.43 అయినా ఆ మర నిలబడ్డ నేల గల రైతుకు వచ్చేదాంట్లో ఒక్క పైసా తేడా లేదు. ఎందుకంటే ఆ ధరలో అతనికి వాటా అనేదే లేదు. కంపెనీ మాత్రం కోర్టుకు వెళ్లి గెలిచింది. దాని చేతిలో రాసిన ఒప్పందం ఉంది. మన చేతిలో ఏముంది?

ఒక మర లెక్క

గాలి విలువ ఎంతో తెలియకుండా బేరం ఆడలేం. అందుకే ఒక చిన్న లెక్క చేద్దాం. గాలి వేగం రెండింతలైతే దాని శక్తి ఎనిమిదింతలు అవుతుంది. రెక్క పొడవు రెండింతలైతే నాలుగింతలు. అందుకే కంపెనీ మనిషి అన్ని గుట్టలూ వదిలి మీ గుట్టనే వెతుక్కుంటూ వస్తాడు. ముందు ఒక సన్నని స్తంభం నాటి ఏడాది పైగా గాలి కొలుస్తాడు. మీ గాలి విలువ అతనికి పైసాతో సహా తెలుసు. బేరానికి కూర్చున్నప్పుడు తెలియనిది మీకే. పైకి మాత్రం బీడు భూమి, రాళ్ల భూమి, దీనికి ఇంతకన్నా ఏం వస్తుందని అంటాడు. అతను కొనేది రాళ్లను కాదు, ఆ రాళ్ల మీద వీచే గాలిని.

రెండు మెగావాట్ల మర ఒకటి తీసుకుందాం. ఏడాది పొడవునా గాలి ఒకేలా ఉండదు కాబట్టి సామర్థ్యంలో 25 శాతమే తీస్తుందని లెక్క కోసం అనుకుందాం. ఏడాదికి 43 లక్షల 80 వేల యూనిట్లు వస్తాయి. యూనిట్ 4.84 అయితే 2 కోట్ల 12 లక్షల రూపాయలు. 2.43 అయితే కోటీ 6 లక్షలు. ఇదంతా లాభం కాదు. మరకు కోట్లు పెట్టాలి, బ్యాంకు వడ్డీ కట్టాలి, మరమ్మతులు చేయించాలి. అది నిజమే. అయినా యూనిట్‌కు ఒక్క పైసా నేల వాటాగా ఇస్తే ఏడాదికి 43,800 రూపాయలు. ఐదు పైసలైతే 2 లక్షల 19 వేలు. ఇరవై ఐదేళ్ల పాటు. ఇప్పుడు మీ ఊళ్లో మర కోసం ఎకరా ఎంతకు అమ్మారో గుర్తుచేసుకోండి.

ఇంకో లెక్క. ఐదు హార్స్‌పవర్ మోటారు రోజుకు తొమ్మిది గంటల చొప్పున ఏడాదికి 200 రోజులు నడిస్తే సుమారు 6,700 యూనిట్లు కాలుతాయి. మోటారు నష్టాలు, తీగల నష్టాలు వదిలేస్తే ఒక్క మర ఇచ్చే కరెంటు దాదాపు 650 మోటార్లకు సరిపోతుంది. అయితే ఒక చిక్కు ఉంది. గాలి ఎక్కువగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. బోర్లకు కరెంటు బాగా అవసరమయ్యేది రబీలో, మార్చి ఎండల్లో. అందుకే గాలి ఒక్కటే అన్నీ తీరుస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఎండ, నీరు, బొగ్గు కరెంటుతో కలిసి నడవాల్సిందే.

నేల చేజారే దారులు

ఒకటో దారి అసైన్డ్ భూమి. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం చెప్పింది. తర్వాత సవరణలు వచ్చాయి. చేతిలో పట్టా కాగితం ఉన్నా అమ్మే హక్కు లేదన్న భయంతో దళిత, గిరిజన రైతులు దళారి చెప్పిన రేటుకే సంతకం పెట్టేస్తారు. భూమి ప్రభుత్వమే తిరిగి తీసుకుని కంపెనీకిస్తే ఏం ముడుతుందో, ఎవరికి ముడుతుందో రాతపూర్వకంగా అడగకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయొద్దు.

రెండో దారి ఊరుమ్మడి గుట్టలు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లి సంగతి అందరూ తెలుసుకోవాలి. 1990ల మొదట్లో ఆ గుట్టలు బోడిగా ఉండేవి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇరవై ఏళ్లు కాపలా కాసి, నిప్పు పడకుండా చూసి, వేల ఎకరాల్లో గడ్డిని, చెట్టును తిరిగి తెచ్చుకున్నారు. గొర్రెలకు మేత, ఈతాకు, చెరువులకు నీళ్లు వచ్చాయి. రికార్డులో మాత్రం అది బంజరు. 2010 తర్వాత అక్కడ గాలిమరల కోసం గుట్టలు తవ్వి వెడల్పాటి రోడ్లు వేశారు. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పెద్ద ఫ్యాక్టరీలకు అవసరమైన ముందస్తు పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ 2006 నోటిఫికేషన్ ప్రకారం గాలిమరలకు లేవు. కాబట్టి ఊరికి చెప్పకుండానే గుట్ట తవ్వడం వీలైపోతోంది. గొర్రెల కాపరికి పట్టా ఉండదు. రికార్డులో లేనివాడికి నష్టపరిహారమూ ఉండదు.

మూడో దారి తీగలు. మర మీ పొలంలో లేకపోయినా టవర్ లైన్ మీ పొలం మీదుగా పోవచ్చు. విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు ఇస్తే, మీ సమ్మతి లేకుండానే టవర్ వేయవచ్చు. నష్టపరిహారం మీద మాత్రం కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2015లో టవర్ కింది భూమికి విలువలో 85 శాతం, తీగల కింది భూమికి 15 శాతం వరకు అన్నారు. 2024 జూన్‌లో దాన్ని టవర్ కింద 200 శాతం, తీగల కింద 30 శాతం చేశారు. ఇవి మార్గదర్శకాలే. రాష్ట్రం ఉత్తర్వు ఇస్తేనే చేతికొస్తాయి. ఇప్పటికీ పంట నష్టం కింద నాలుగు డబ్బులు పడేసి పోతున్న కాంట్రాక్టర్లు ఉన్నారు.

తెలంగాణ మిత్రులు ఇది అనంతపురం వాళ్ల గొడవ అనుకోవద్దు. తెలంగాణలో ఇప్పుడు సుమారు 128 మెగావాట్లే ఉంది. కానీ జాతీయ పవన శక్తి సంస్థ అంచనా ప్రకారం వంద మీటర్ల ఎత్తులో తెలంగాణ గాలి సామర్థ్యం దాదాపు 4,200 మెగావాట్లయితే, 150 మీటర్ల ఎత్తులో 54 వేలు దాటుతుంది. స్తంభాలు ఏటేటా పొడవవుతున్నాయి. నిన్న గాలి చాలదన్న ఊరికే రేపు మనుషులు వస్తారు.

కలిసి పెట్టుకున్న మరలు

దీనికి ఇంకో దారి లేదా అంటే ఉంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ ఎదురుగా సముద్రంలో మిడెల్‌గ్రుండెన్ అనే చోట 2000లో ఇరవై మరలు పెట్టారు. మనం లెక్క చేసిన సైజువే, ఒక్కోటి రెండు మెగావాట్లు. వాటిలో సగం నగర విద్యుత్ సంస్థది, సగం ఎనిమిది వేలకు పైగా మామూలు జనం వాటాలు కొని పెట్టుకున్న సహకార సంఘానిది. లా కూర్ బడి నుంచి మొదలైన అలవాటు వందేళ్ల తర్వాత అలా పండింది. మనకు సహకార సంఘం కొత్త కాదు. పాల సంఘాలు నడిపాం, చక్కెర ఫ్యాక్టరీలు నడిపాం. వాటిలో దెబ్బతిన్నవీ ఉన్నాయి, కాదనం. కానీ పాలు మనవి కాబట్టి డెయిరీలో మన మాట ఉండాలి అని అడిగినవాళ్లం, గుట్ట మనదైనప్పుడు మరలో మన మాట ఉండాలి అని ఎందుకు అడగకూడదు?

మనం ఏం చేయాలి

గాలి కరెంటుకు మనం వ్యతిరేకం కాదు. బొగ్గు పొగ కన్నా అది మేలు. ఎండలు ముదిరి, వానలు గతి తప్పితే ముందు నష్టపోయేది మనమే. కాబట్టి మర వద్దనడం మన పని కాదు. మర ఎలా వస్తుందో తేల్చడం మన పని. ప్రతి మండల కమిటీ ఈ కింది విషయాలు పట్టుకోవాలి.

ఒకటి, అమ్మొద్దు. లీజుకు ఇవ్వండి. మర, రోడ్డు, స్థలం కలిపి ఎకరా నుంచి రెండు మూడు ఎకరాలు పోతుంది. మిగతా పొలంలో సాగు ఆగక్కర్లేదు.

రెండు, లీజు కౌలు ఏటా పెరగాలి. దానితోపాటు అమ్మిన యూనిట్ల మీద వాటా రాయించుకోవాలి. ఒక్క పైసాతో మొదలుపెట్టినా ఆ హక్కు కాగితం మీద ఉండాలి.

మూడు, గడువు తీరాక మరను, కాంక్రీటు దిమ్మెను తీసి నేలను పాత స్థితికి తెచ్చే ఖర్చు ఎవరిదో ముందే రాయాలి. ఆ డబ్బు బ్యాంకులో హామీగా పెట్టించాలి. ఇరవై ఐదేళ్ల తర్వాత కంపెనీ పేరు మారిపోయి ఉంటుంది.

నాలుగు, మీ భూమి మీద కంపెనీ అప్పు తెచ్చుకుంటోందా, లీజును మరొకరికి మార్చుకోవచ్చని రాసుకుందా చూడాలి. ఇంగ్లీషులో ఉన్న కాగితాన్ని తెలుగులో చదివించుకోకుండా సంతకం చేయొద్దు. అమీర్‌పేటలో చదువుతున్న మీ పిల్లల చేత చదివించినా సరే.

ఐదు, ఊరుమ్మడి గుట్ట అయితే గ్రామసభ పెట్టించాలి. గొర్రెల కాపరులు, ఈతాకు కోసుకునే ఆడవాళ్లు కూడా అందులో మాట్లాడాలి. నోటిఫికేషన్ అడగకపోయినా మనం అడగాలి.

ఆరు, మర కాపలాకు, మరమ్మతుకు ఊరి పిల్లలకే శిక్షణ ఇచ్చి పెట్టుకోవాలని రాయించాలి. వాచ్‌మన్ ఉద్యోగం ఒక్కటే మన పిల్లలకు సరిపోదు.

ఇది ఇప్పుడే ఎందుకు చెబుతున్నామంటే ఒక కారణం ఉంది. పాత చిన్న మరలను తీసి పెద్దవి పెట్టడానికి కేంద్రం 2016లో ఒక విధానం తెచ్చి 2023లో సవరించింది. రామగిరి లాంటి మొదటి తరం గుట్టలు మంచి గాలి ఉన్న చోట్లు. అలాంటి చోట మర మార్చాలంటే కొత్త రోడ్లు, కొత్త స్థలం, కొత్త తీగలు కావాలి. అంటే మళ్లీ మన గడప తొక్కాలి. మొదటిసారి వచ్చినప్పుడు మనకు తెలియదు. రెండోసారి వచ్చినప్పుడు కూడా తెలియదంటే తప్పు మనదే.

గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు ఇన్నాళ్లూ ఉన్నాం. హెర్బర్ట్ దగ్గర గాలి ఉంది, నేల ఉంది, మర కూడా ఉంది. పక్కన నిలబడే ఊరే లేదు. మనకు సంఘం ఉంది. ఇక్కడి నుంచి వెళ్లాక మీ మండలంలో ఇప్పటికే అయిన లీజు కాగితాల నకళ్లు సేకరించండి. వచ్చే తరగతికి వాటిని వెంట తెచ్చుకుంటే ఒక్కో షరతూ కలిసి చదువుదాం, మన తరఫున ఒక నమూనా ఒప్పందం తయారుచేసుకుందాం. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి. గుట్ట మీద గాలి బలంగానే ఉంది. చేట పట్టుకోవాల్సింది మనమే.